నేతిగిన్నె పక్కన పెట్టుకుని

మాంసం మానేసినవాడికి మొదటి మూడు నెలలూ నోరు ఊరుకోదు. తినడానికి కాదు, చెప్పడానికి. నాకు ఆ మూడు నెలల్లోనే సంక్రాంతి వచ్చిపడింది.

2019 చివర్లో ఒక రాత్రి ఫోన్‌లో ఏదో డాక్యుమెంటరీ చూశాను. తెల్లారేసరికి శాకాహారినైపోయాను. నేనొక్కణ్ణే అయితే గొడవ లేకపోను, ఇల్లంతటినీ చేశాను. మా ఆవిడని అడగలేదు, పిల్లని అడగలేదు. ఫ్రిజ్‌లో ఆరు గుడ్లుంటే పనిమనిషికిచ్చి పంపేశాను. ఆవిడ తింటే భూమి వేడెక్కదు కాబోలు! నెల తిరిగాక తెలిసింది, తల్లీకూతుళ్లు సాయంత్రం వాకింగని చెప్పి వెళ్లి, బేకరీలో ఎగ్ పఫ్‌లు తిని మూతులు తుడుచుకుని వస్తున్నారని.

ఆఫీసులో మాత్రం నా పరపతి పెరిగింది. భోజనాల దగ్గర అంతకుముందు కాస్త ఎడంగా కూర్చునేవాళ్లు ఇద్దరు "మానేశారటగా, మంచిపని చేశారు" అంటూ దగ్గరికి జరిగారు. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. ఆ మిగిలిన ఒకరిద్దరిలో చేరడమంటే నాకు ఒక మెట్టు పైకెక్కినట్టుండేది. కోడి ప్రాణం కంటే, భూగోళం కంటే, వాళ్లు అలా జరిగి కూర్చోవడమే నాకు ఎక్కువ నచ్చింది. ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కనుమకి పల్నాడులో మా మేనత్త ఊరెళ్లాం. పొద్దున్నే గేదెల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, నుదుట బొట్లు పెట్టారు. మధ్యాహ్నానికి గారెలు, నాటుకోడి పులుసు. పశువులకి దణ్ణం పెట్టిన చేత్తోనే కోడిని కోస్తారా అంటూ మొదలుపెట్టాను. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 14.5 శాతం పశుపోషణదేనని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క తేల్చిందన్నాను. ఆ 14.5నీ పులుసు గిన్నె వైపు వేలు చూపిస్తూ చెప్పాను. ఆ వేలికి నెయ్యి కారుతోంది. నా విస్తట్లో ముద్దపప్పు, పనీర్ కూర, గడ్డపెరుగు ఉన్నాయి. పక్కన నేతిగిన్నె ప్రత్యేకం. మాంసం తినడు పాపం, ఇదన్నా తింటాడని అత్త పెట్టింది.

అత్త ఏమీ అనలేదు. అప్పుడే ఏదన్నా అనుంటే బాగుండేది.

సాయంత్రం పిల్లకి దూడల్ని చూపిద్దామని పశువుల చావిడికి తీసుకెళ్లాను. దసరాలకి వచ్చినప్పుడు రెండున్నాయి, ఒకటి పెయ్యదూడ, ఒకటి దున్నదూడ. ఇప్పుడు పెయ్యొక్కటే ఉంది. మూల నుండే ముసలి గేదె కూడా లేదు.

"దున్నదూడేదత్తా?"

"అమ్మేశా. పాలిస్తదా, దుక్కి దున్నుద్దా? ట్రాక్టరొచ్చాక వాటితో పనేముందిరా?"

"ముసల్దో?"

"వట్టిపోయింది. వట్టి గొడ్డుని ఎన్నాళ్లు మేపుతాం? సంతలో బేరగాడు తోలుకుపోయాడు."

"ఎక్కడికి?"

"అది నువ్వే చెప్పాలి, చదువుకున్నోడివి."

ఎగతాళి లేదు ఆ మాటలో. పాలు పిండుతూ, తల తిప్పకుండానే అంది. నాకు మాత్రం మధ్యాహ్నం తిన్న పనీరంతా ఒక్కసారి గొంతులోకొచ్చినట్టయింది. గేదె ఈనితేనే పాలు. పుట్టిన దూడల్లో సగం దున్నలే. వాటికి చావిట్లో చోటు లేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు తీస్తున్న దేశమూ, గేదె మాంసం ఎగుమతిలో ముందు వరసలో నిలబడ్డ దేశమూ మనదే. ఆ రెండూ ఒకే గేదె సంగతని నలభై ఏడేళ్లొచ్చినా నాకు తట్టలేదు. కొమ్ములకి రంగేసిన అత్తకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆవిడ ఉపన్యాసాలివ్వదు.

హైదరాబాద్ వచ్చాక సిగ్గుకొద్దీ లెక్కలు మళ్లీ చదివాను, ఈసారి చివరిదాకా. ఆ 14.5 శాతాన్ని వందనుకుంటే, కోళ్లూ గుడ్లూ కలిపి అందులో 8 వంతులు. గేదెల పాలూ మాంసమూ కలిపితే అవీ 8 వంతులే. ఆవులూ ఎడ్లవి 65, అందులోనూ పాలకి వాటా ఉంది. నెమరువేసే జంతువు కడుపులో గడ్డి పులిసి, మీథేన్ తేన్పులుగా బయటికొస్తుంది (పిల్లకి నేను వెనక నుంచని చెప్పాను, అదీ తప్పే). కోడికి నెమరే లేదు. 119 దేశాల్లో దాదాపు 38,700 పొలాల లెక్కలు కూడి 2018లో వేసిన అధ్యయనం చూస్తే, అంతే ప్రొటీన్‌కి చీజ్ మోసే పాపం కోడిమాంసానికి దాదాపు రెట్టింపు. పప్పుధాన్యాలు ఆ దరిదాపుల్లోనే లేవు. కిలో పనీర్‌కి ఐదు లీటర్ల దాకా పాలు కావాలి. గొడ్ల అంకెని తెచ్చి, పెంటకుప్ప మీద గింజలేరుకుని బతికే కోడి మీద మోపి, నేను మాత్రం పనీర్ తిన్నానన్నమాట. విస్తట్లో ఉన్నవాటిలో ముద్దపప్పొక్కటే నా ఉపన్యాసానికి తగ్గ వంట. దాని మీద కూడా నెయ్యి పోసుకున్నాను.

ఇంట్లోకి గుడ్లు తిరిగొచ్చాయి. పనీర్ పోయింది, ఫిల్టర్ కాఫీ పోలేదు. నేను కోడిని మళ్లీ ముట్టలేదు, కారణమడిగితే మాత్రం పడదని చెప్తాను. ఆ మాటకి ఎవరూ దగ్గరికి జరగరు.

మొన్న కనుమకి మళ్లీ అక్కడే. ఈసారి నోరు మూసుకుని పప్పూ గోంగూరా తిన్నాను. అత్త పెరుగు గిన్నె తెచ్చి, గరిటె నా విస్తరి మీద ఆపింది.

"ఇది వెయ్యనా? దీనిక్కూడా ఏదన్నా లెక్కుందా?"

"ఉందత్తా," అన్నాను. "అయినా వెయ్యి."