రానివాడే మా దేవుడు

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే, సెల్‌ఫోన్ షాపుల తర్వాత కంటికి ఎక్కువగా తగిలేవి జిమ్ములే. ఇస్నాపూర్‌లోనో రుద్రారంలోనో కింద టైర్ల షాపు, పైన జిమ్ము. ఫ్లెక్సీ మీది కండలు ఎవరో విదేశీయుడివి. పక్కన చేతులు జోడించి శుభాకాంక్షలు చెబుతున్న పొట్ట మాత్రం పక్కా లోకల్. లోపల అమ్మేది వ్యాయామమని జనం నమ్ముతున్నారు. పాపం, ఓనరు కూడా మొదటి రెండు నెలలు అలాగే నమ్మి ఉంటాడు. ఆ తర్వాత లెక్క తెలిసింది: ట్రెడ్‌మిల్ అరగదీసేది వచ్చేవాడు, దాని కిస్తీ కట్టేది రానివాడు.

అందుకే రానివాణ్ని పట్టుకోవడంలో వాళ్ల ప్రతిభ చూడాలి. "అన్నా, నెలకైతే పదిహేను వందలు. సాలుకైతే ఏడు వేలే. ఆఫర్ రేపటితోని అయిపోతది." ఆ రేపు ఉగాదికి వస్తుంది, బోనాలకు వస్తుంది, దసరాకు మళ్లీ వస్తుంది. డబ్బులు కట్టేదాకా "అన్నా". కట్టిన మర్నాడు "సార్, జర పక్కకు జరుగుండ్రి, పర్సనల్ ట్రైనింగ్ క్లయింట్ ఉన్నడు."

ఇది మన దగ్గరే పుట్టిన తెలివి కాదు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్‌మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు క్లబ్బులకు చెందిన 7,752 మంది సభ్యుల హాజరు పట్టీలు తిరగేసి 2006లో ఒక పరిశోధన అచ్చువేశారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు 4.3 సార్లు వెళ్లారట. అంటే గడప తొక్కిన ప్రతిసారీ 17 డాలర్ల పైమాటే. పదిసార్ల పాసు కొనుక్కుంటే సారికి 10 డాలర్లతో పోయేది. అక్కడివాళ్లకు ఆ నష్టం రావడానికి బద్ధకం కావలసి వచ్చింది. మనకు అంత తీరిక ఎక్కడిది? షిఫ్టు చాలు.

పాశమైలారం పారిశ్రామికవాడలో కాంట్రాక్టు కార్మికుడు పొద్దున ఎనిమిదికి గేటు లోపలికి పోతే రాత్రి ఎనిమిదికి బయటపడతాడు. బస్సు దింపేసరికి తొమ్మిది. తొమ్మిదిన్నరకు జిమ్ములో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. నైటు వారమైతే జిమ్ము తెరిచే వేళకు అతను ఇంకా డ్యూటీలోనే ఉంటాడు, ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి మళ్లీ బస్సు. మిగిలింది ఆదివారం. ఆదివారం జిమ్ముకు సెలవు! పగలంతా జీతానికి బస్తాలు మోసే మనిషి చేత, సొంత డబ్బుతో ఇనుము మోసే హక్కును సాలు మొత్తానికి కొనిపించి, ఆ హక్కు వాడుకునే గంట మాత్రం గడియారంలో లేకుండా చూడటం మామూలు పనితనం కాదు. ఆడవాళ్లకూ న్యాయం జరిగింది: లేడీస్ టైమింగ్ మధ్యాహ్నం, సరిగ్గా ఏసీ ఆపేసే వేళ.

ఇన్ని గండాలు దాటి లోపలికి వచ్చినవాడికి ట్రైనర్ దర్శనమిస్తాడు. పోయినేడు మన పక్కనే బెంచి మీద ఆయాసపడిన కుర్రాడే. ఈ ఏడు టీషర్టు వెనక 'కోచ్' అని రాయించుకున్నాడు. మామూలు సభ్యుడు నడుం విరిగేలా బరువెత్తుతున్నా ఆయనకు కనపడదు, అద్దంలో తన భుజం తప్ప. పర్సనల్ ట్రైనింగ్‌కు విడిగా డబ్బులు కట్టండి, ఎంతటి దూరదృష్టి వస్తుందో! ఆ మూల నుంచే "అన్నా, మోకాలు వంగుతంది" అని అరుస్తాడు. అతన్ని మాత్రం ఏమనగలం? చేతికొచ్చే జీతం గది కిరాయికి సరి, మిగతా బతుకంతా కమిషన్. మనకు డైట్ చెప్పే మనిషి రాత్రి రోడ్డు పక్క బండి దగ్గర ఎగ్ నూడుల్స్ తింటుంటే చూసీ చూడనట్టు పోవడమే మర్యాద.

కమిషన్ అంటే గుర్తొచ్చింది, ప్రోటీన్ పౌడరు. ఈ పారిశ్రామిక బెల్టులోని మందుల కంపెనీల్లో మాస్కు, గ్లౌజులు వేసుకుని పొద్దస్తమానం డ్రమ్ముల్లో పౌడరు నింపే పిల్లగాడు, సాయంత్రం ఏ కంపెనీదో తెలియని డబ్బాలోంచి ఒంటిచేత్తో పౌడరు కలుపుకుని తాగుతాడు. ఫ్యాక్టరీలో ప్రతి డ్రమ్ముకూ బ్యాచ్ నంబరు అడిగే క్వాలిటీవాళ్లు ఉంటారు. ఇక్కడ "నేనే వాడుతున్న బ్రో" అన్న మాటే ల్యాబ్ రిపోర్టు. అది ఇంకా నయం. ఆపరేషన్ బల్ల మీద రక్తపోటు పడిపోయినవాళ్లకు వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ము కుర్రాళ్లకు అమ్ముతుంటే, మన రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు దాడులు చేసి పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. గుండె దడదడలాడితే కార్డియో అయిపోయినట్టే కాబోలు.

"గట్టిగా గాలి పీల్చుండ్రి సార్, లోపటిదాకా" అంటాడు కోచ్. పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామిక ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే దేశంలోని తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలోకి ఎక్కించింది. రాత్రిపూట ఏ కంపెనీ ఏమి వదులుతోందో కిటికీ తీస్తే ముక్కే చెబుతుంది. ఆ గాలిని ఊరికే పీలిస్తే కాలుష్యం, ఫీజు కట్టి పీలిస్తే ఫిట్‌నెస్.

సరే, మోకాలు పట్టేసింది, మిగతా పది నెలల డబ్బులు ఇమ్మంటే? గోడ మీద దేవుడి పటం కింద రాసే ఉంటుంది: 'కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదు.' 2019 వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును గడువులోగా తిరిగివ్వకపోవడాన్ని అనుచిత వ్యాపారమే అంటోంది. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజులు. 1915కు ఫోన్ చేయొచ్చు, సంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. బిల్లు జతచేస్తే చాలు. బిల్లేదీ? "వాట్సాప్‌ల పంపిస్త సార్" అన్న రిసెప్షన్ పిల్ల రెండు నెలల కిందటే మానేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ముల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కదా, ఫీజు తగ్గలేదేమని అడిగి చూశాను. బిల్లే లేనిచోట పన్ను ఎక్కడిదని వాళ్లు నవ్విన నవ్వులో తర్కం ఉంది.

ఈ బెల్టుకు సమ్మెలు కొత్త కాదు. గేటు ముందు టెంటు వేయడం తాతల నాటి నుంచి వచ్చు. జిమ్ము మీద మాత్రం ఆ అస్త్రం పారదు; రాకుండా ఉంటామంటే ఓనరు స్వీట్లు పంచుతాడు. కాబట్టి ఇక్కడ సమ్మెను తిరగేయాలి. ఏదో ఒక సోమవారం సాయంత్రం ఏడు గంటలకు, ప్యాకేజీ కట్టిన ప్రతి ఒక్కరూ టవలు భుజాన వేసుకుని రావాలి. సెలవు పెట్టయినా సరే. మెట్ల మీద నుంచి టైర్ల షాపు దాకా లైను కట్టి, సర్వీసుకు పోయిందని చెబుతున్న రెండో ట్రెడ్‌మిల్ ఏదని ఒక్కొక్కరే మర్యాదగా అడగాలి. రసీదు చూపించమంటారేమో. చూపించమననివ్వండి, ఇచ్చి చూపించమందాం.