కారవాన్‌లో కాసిన ఎండ

2021లో ‘ఎటర్నల్స్’లో కుమైల్ నంజియానీకి సూపర్‌హీరో వేషమిచ్చింది హాలీవుడ్. ఆయన పాకిస్తాన్‌లో పుట్టాడు. మన సిక్కోలు మత్స్యకారులు ఏకంగా పాకిస్తాన్ జైల్లోనే ఉండొచ్చారు. అయినా వాళ్ల కథతో 2025లో వచ్చిన ‘తండేల్’లో హీరో అక్కినేని వారసుడే, హీరోయిన్ తమిళనాడు అమ్మాయే. బాగానే చేశారు, కాదనం. కానీ అదే సిక్కోలు జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో ఎండ పైసా అడగకుండా వేసే రంగుని, ఏసీ కారవాన్‌లో మేకప్ మనిషి డబ్బులుచ్చుకుని పూస్తాడు. అసలు రంగోడికి మిగిలేది హీరో వెనకాల గుంపులో నిలబడ్డం.

“మరి మాకేటి బావూ?” అని ఉప్పు కూలీ అడిగితే, ఆడిషన్ బాబు చెప్పేది ఇదే: “రంగు ఓకే. యాసే, అంత సహజంగా లేదు!”