నవల చదివిన పోలీసులు

మనిషి మాయం. రచయిత మీద అనుమానం. థ్రిల్లర్‌కి ఇంకేం కావాలి? పైగా పోలండ్‌లో నిజంగా జరిగింది. ఇక ఆగుతామా?

2000 నవంబర్. వ్రోత్స్వాఫ్ నగరంలో చిన్న ప్రకటనల సంస్థ నడుపుకునే ఒకాయన ఆఫీసు నుంచి బయటికెళ్లి మళ్లీ రాలేదు. డిసెంబర్‌లో ఓడర్ నదిలో శవం దొరికింది. చేతులు వెనక్కి విరిచి కట్టి, అదే తాడుతో మెడకు ఉచ్చు బిగించారు. పోలీసులు కొన్నాళ్లు హడావుడి చేశారు. ఆనక ఫైలు అటకెక్కించారు.

2003లో క్రిస్టియన్ బాలా అనే రచయిత ‘అమోక్’ నవల అచ్చేశాడు. అందులోనూ హత్య, ఉచ్చు. ఆ పాత ఫైలు మళ్లీ తెరిచిన డిటెక్టివ్ వ్రుబ్లెవ్‌స్కీ తన బృందానికి నవల పంచి, తలా ఓ అధ్యాయం అప్పగించాడు. మన సమీక్షకులకైనా ఉందా ఇంత శ్రద్ధ?

హత్య చేసి, నవల రాసి, దొరికిపోయాడు! లోకమంతా ఈ ముక్కే చెప్పుకుని మురిసిపోయింది. అసలు సంగతి ఎవడిక్కావాలి? 2005లో బాలాను పట్టుకెళ్లి నవల చూపిస్తే, అదంతా కల్పన అన్నాడు. సాక్ష్యం చాలక మూడ్రోజుల్లో వదిలేశారు. చివరికి ముంచింది ఫోన్లు. హతుడి సెల్‌ఫోన్, ఆయన మాయమైన నాలుగు రోజులకే అలెగ్రో వేలం సైట్‌లో అమ్ముడైంది. అమ్మింది బాలా ఖాతా! హతుడి తల్లికి ఫోన్ చేసిన కార్డుతోనే బాలా సొంతవాళ్లకీ కాల్స్ వెళ్లాయి. 2007లో పాతికేళ్ల జైలు పడింది. మరి ఆ ఫోన్ జాడ మొదటి ఏడాదే ఎందుకు తీయలేదు? నవల అచ్చయ్యేదాకా ఆగారా, ఏం?

పోనీ, వాళ్లు ఆలస్యంగానైనా వెతికారు. మన సంగతి?

2019 నవంబర్, శంషాబాద్. కూతురు కనిపించక రాత్రిపూట స్టేషన్‌కు పరిగెత్తిన కుటుంబానికి ఏం దొరికింది? ‘ఇది మా పరిధి కాదు’. ఎవరితోనో వెళ్లిపోయుంటుందని కూడా అన్నారని ఆ కుటుంబమే చెప్పుకుంది. తెల్లారేసరికి ఆ అమ్మాయి శవమై దొరికింది. తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ 2013 నుంచే ఉంది కదా? ఉంది మహాప్రభో, సర్క్యులర్‌లో ఉంది! 2024 జులై నుంచి ఏకంగా చట్టంలోకే ఎక్కించారు. వేదికల మీద శాలువాలు కప్పుకున్నారు. బాగుంది. స్టేషన్‌లో రైటరు గారికి ఎవరైనా చెప్పారా?

వెళ్లి చూడండి. తెల్లకాగితాలు తెచ్చావా? ఫొటో ఏదీ? అమ్మాయికి ప్రేమ వ్యవహారమేమైనా ఉందా? ఇంట్లో తిట్టారా? బంధువులిళ్లలో వెతికారా? ప్రశ్నలన్నీ మీకే. అనుమానమూ మీ మీదే. అన్నీ చెప్పాక ఆయన గడియారం చూస్తాడు. ఎస్సై గారు మంత్రిగారి బందోబస్తులో ఉన్నారట. రేపు రమ్మంటాడు.