డ్రిల్లు బాబు

ఉద్దానం తీరంలో డ్రిల్లు బాబు అనే రకం పెద్దమనిషి ఒకడుంటాడు. గల్ఫ్‌లోనో ముంబైలోనో ఏళ్లకేళ్లు కష్టపడి, భావనపాడు దగ్గర సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టి, ముందు చెక్క డెక్కు వేయిస్తాడు. అందుకోసం బ్యాటరీ డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవరు, గ్రైండరు, పెట్టెడు బిట్లు కొని, పెళ్లికూతురి నగల్లా చాపమీద పరిచి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. అప్పటికి జేబు ఖాళీ. మేకుల మాటెత్తితే ‘కిలో లెక్కన ఏవుంటే అవి పట్రా’ అంటాడు. ఈయన మీద నా ఫిర్యాదల్లా ఒకటే, ఖర్చు తలకిందులుగా పెడతాడని. పనయ్యాక డ్రిల్లు బీరువా ఎక్కుతుంది. ఏళ్ల తరబడి ఎండకీ వానకీ ఓర్చుకుని బయట ఉండేది మేకే కదా!

‘ఉప్పుగాలి మేకుని తినేస్తాది బాబూ’ అని వడ్రంగి మొత్తుకుంటూనే ఉంటాడు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ఇనుముకి ఆరే తీరిక ఉండదు. తళతళలాడే జింకు పూత స్క్రూలు చూసి బాబు మురిసిపోతాడు గానీ, ఆ పూత మరీ పలచన. కరిగిన జింకులో ముంచి తీసిన జీఐ సరుకు అంతకంటే చాలా కాలం ఆగుతుంది. స్టెయిన్‌లెస్‌లోనూ తేడా ఉంది. 304 రకానికి సముద్రం ఒడ్డున తుప్పు మరకలు పడతాయి. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుని తట్టుకునేది అదే. ఇక గాలి సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చిన తీరమిది. గాలి పలకని పైకి లాగితే నున్నటి మేకు ఊడివస్తుంది, మరలున్న స్క్రూ పట్టుకుంటుంది.

‘మా తాత ఏ స్టెయిన్‌లెస్ కొన్నాడు?’ అని బాబు ఎదురడుగుతాడు. కొనలేదు, నిజమే. అసలు ఆ కాలపు తెప్పల్లో దుంగల్ని తాళ్లతో బిగించేవారు, కోరమండల తీరపు మాసులా పడవల పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అలల దెబ్బకి కట్టు కాస్త సాగి సర్దుకుంటుందనే ఆ ఏర్పాటు. అంటే తాత కట్టేదాని గురించి ఆలోచించాడు, మనవడు మోటారు గురించి ఆలోచిస్తున్నాడు. ధర మాటకొస్తే, 316 ఖరీదైనదే. కానీ తుప్పుపట్టిన స్క్రూ తల విరిగితే దాన్ని తీయడానికి టేకు పలకే చీల్చాలి, ఆ పలక ధర చూడండి. ఒక్క విషయంలో బాబుని మెచ్చుకోవాలి: గట్టి చెక్కకి ముందు బెజ్జం వేయాలి, దానికి డ్రిల్లు కావాల్సిందే. ఆ తర్వాత ఇంపాక్ట్ డ్రైవరు పూర్తి జోరు మీద పెట్టి స్టెయిన్‌లెస్ తలలు పుటుక్కున తెంపేస్తాడు, అది వేరే కథ.

మీ ఊళ్లో ఇలాంటి బాబు ఉంటే డ్రిల్లు మాత్రం ఆయన దగ్గర అరువు తెచ్చుకోండి, స్క్రూలు మీరే కొనుక్కోండి.