గుమ్మం మీది పేర్లు చదివేదాన్ని

నా పేరు పలకడమే కష్టం: డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్. తోమాష్ స్టిబ్లో రాసిన చిన్న ప్రోగ్రామును. 2005లో 1.07 వెర్షన్ దగ్గర నా ఎదుగుదల ఆగింది. పని మాత్రం ఆగలేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక డీటీపీ షాపులో, లినక్స్ ఎక్కించిన పాత కంప్యూటర్లో కాపురం.

షాపమ్మాయి నల్ల తెర (టెర్మినల్) తీసి నా పేరు, పక్కన "-ఎల్" కొడితే చాలు, తెరిచి ఉన్న విండోలన్నీ అప్పజెబుతాను. ముందు గుర్తింపు అంకె, తర్వాత డెస్క్‌టాప్ నంబరు (లెక్క సున్నా నుంచి, అన్నిటా కనబడేదైతే -1), ఆపైన కంప్యూటర్ పేరు, చివర టైటిల్.

ఇదంతా నా గొప్ప కాదు. నాకో కరణం ఉన్నాడు, విండో మేనేజర్. ఎవరు తెరిచినా, ఎవరు మూసినా, అన్నిటి వెనకా పరిచి ఉండే రూట్ విండో మీద జాబితా దిద్దుతాడు. అందులో ఉండేవి అంకెలే. వాటిని పట్టుకుని వెళ్ళి ఒక్కో గుమ్మం మీది పేరు చదివి వస్తాను. లోపలేముందో నాకు తెలియదు. చిత్రమేమంటే, ఎన్టీఆర్ ప్రభుత్వం ఊళ్ళలో కరణాలను తీసేసిందీ, ఎంఐటీలో మా ఇద్దరికీ ఆధారమైన ఎక్స్ విండో వ్యవస్థ పుట్టిందీ ఒకే ఏడు, 1984.

"విజయనగరం" అనే టైటిల్‌తో పెద్ద పేచీ లేదు. చిక్కంతా మా ఊరితోనే. "శ్రీ" అంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: నాలుగు గుర్తులు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. నేను పొల్లుపోకుండానే పంపుతాను. అక్షరాలు అతకడం చేతకాని పాత టెర్మినల్ ఊరి పేరు విరిచేస్తుంది. తిట్లు నాకు.

ఓ పెళ్ళిళ్ళ సీజనులో ఆమదాలవలస నుంచి ఒక తాత అడంగల్ కోసం వచ్చాడు. తీసిన అడంగల్ శుభలేఖల కింద పడిపోయింది. "ఏటి తల్లీ, నా కాయితం ఏటైపోనాది?" అమ్మాయి నన్ను పిలిచింది. మూడు శుభలేఖలు, రెండు దరఖాస్తులు, ఒక సినిమా పాట, అడుగున అడంగల్. "-ఏ అడంగల్" అని కొట్టగానే దాన్ని తెచ్చి ముందు పెట్టాను. తాత మొహం వెలిగింది.

కానీ ఆ వరసలో ఇంకోటీ ఉంది. అంతకుముందు వచ్చినామె మూయడం మరిచిన స్కానింగ్ రిపోర్టు, ఆమె పేరుతో సహా. తాత కళ్ళు అటు తిరిగేలోపే అమ్మాయి "-సీ" కొట్టి నాచేతే దాన్ని మూయించింది.

ఇప్పుడు కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో ఎక్స్‌కు బదులు వేలాండ్. ఒక విండో సంగతి ఇంకో ప్రోగ్రాముకు ఊరికే చెప్పదు. ఎక్స్ పద్ధతిలో నడిచే పాతవి తప్ప నాకేవీ కనబడవు.

"ఏటిది, సగమే సెప్తంది!" అమ్మాయి విసుక్కుంది.

నాకా స్కానింగ్ రిపోర్టు గుర్తొచ్చింది. కనబడిన రెండు పేర్లూ చెప్పి ఊరుకున్నాను.