దొంగ దొరకలేదు, వీడియో దొరికింది

విశాఖ రుషికొండ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు గుమ్మానికి మామిడాకులు లేకపోయినా ఫర్వాలేదు, కెమెరా ఉండాల్సిందే. కొరియర్ కుర్రాడు చెప్పుల స్టాండు మీద అట్టపెట్టె పెడతాడు, ఫొటో తీస్తాడు, పోతాడు. కాసేపటికి హెల్మెట్ పెట్టుకుని ఇంకో మహానుభావుడు వేంచేస్తాడు. ఆయన పెట్టె ఒక్కటే తీస్తాడు. ఫొటో తీసే పని మన కెమెరాది. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో దర్యాప్తు: హెల్మెట్ ఎరుపా, మెరూనా? ఉప్పుగాలికి మసకబారిన లెన్సు ఎటూ తేల్చదు. ఈలోగా ఎదురింటాయన, తన గుమ్మం ఎందుకు రికార్డవుతోందని పంచాయితీ పెడతాడు.

ఈ ఊళ్లో చూపుల లెక్కే వేరు. కొండ మీద ప్రభుత్వం వందల కోట్లతో కట్టిన భవనాల లోపలేముందో జనం చూడ్డానికి 2024 జూన్ దాకా ఆగాల్సొచ్చింది. మన బాల్కనీలో ఆరేసిన లుంగీ మాత్రం, పాస్‌వర్డ్ మార్చని కెమెరా పుణ్యమా అని, ఏ దేశంవాడైనా చూడొచ్చు!

పోనీ దొంగ దొరికాడనుకుందాం. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత, 303వ సెక్షన్: సొత్తు 5 వేల లోపుదై, తొలిసారి దోషై, తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. కెమెరా ఖరీదు అంతకంటే ఎక్కువైతే ఆ బాధ మీది.

"నా చేతికిస్తే అట్టేపెట్టీవోణ్ని కదా బాబూ" అన్నాడు వాచ్‌మన్, పక్క బిల్డింగ్ గేటు దగ్గర్నుంచి. కెమెరాలొచ్చాక జీతం దండగని మనవాళ్లే మాన్పించారు.