ఒక చార్జరు పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము

ఆ. పగటి దూర మెంత? బండి నోరెంతయో?
రాత్రి నిదుర యెంత? రక్ష యెంత?
ఎరిగి పెట్టె కొనిన నింధనంబేలయా?
ఊరకేల గోడ నూడబెరుక?

అవతారిక

పెట్రోలును విద్యుత్తును పక్షపాతము లేక యారగించు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు నొకదానిని కొని, డాలసునకు ఉత్తరమున నున్న ఫ్రిస్కో నగరమందలి స్వగృహమునకు తెచ్చుకొన్న యొకానొక తెలుగు గృహస్థు, గరాజు గోడ కెదురుగ నిలిచి, కారుతో వచ్చిన తీగను మామూలు సాకెట్టునకు తగిలించిన చాలునా, లేక ఎలక్ట్రీషియనును పిలిపించి 240 వోల్టుల ప్రత్యేక సర్క్యూటు వేయించి గోడకొక పెట్టెను బిగింపవలెనా యని సంశయించుచుండగా, పెట్టె లేనివానికి ఇట్టి కారేల యని ఎదురింటివారును, పెట్టె కొన్నవాడు మోసపోయినవాడే యని పక్కింటివారును బోధింప, ఉభయుల మాటయు నిజమే యనిపించి నిద్రకు దూరమైన యతని నుద్ధరింపదలచి కవి యీ యాటవెలదిని చెప్పెను. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు వ్రతము పట్టిన కోలాచల మల్లినాథసూరి మార్గమునే సాధ్యమైనంతవరకు మేమును అనుసరింతుము. కాని ఆ మహానుభావుడు వ్యాఖ్యానించిన మేఘము విద్యుత్తును మీటరు లేకయే మోసికొని తిరిగినది కావున, ఆయనకు లేని చిక్కులు కొన్ని మాకు కలవు.

ప్రతిపదార్థము

పగటి దూరము = ఉదయమున ఇల్లు వెడలి సందెకు మరల ఇల్లు చేరువరకు బండి నడచు మైళ్లు; ఎంత = ఎన్ని (ఏడాదికొకసారి గ్రాండ్ కాన్యన్ చూడబోవు మైళ్లు ఈ లెక్కకు రావు); బండి నోరు = బండి లోపలనే అమర్చిన చార్జరు, అనగా గోడనుండి వచ్చు ఏసీ కరెంటును బ్యాటరీకి హితమైన డీసీ కరెంటుగ మార్చు యంత్రము; ఎంతయో = ఎన్ని కిలోవాట్లు మ్రింగగలదో; రాత్రి నిదుర = బండి గరాజులో కదలక నిలుచు కాలము (యజమాని నిద్ర యిచట వివక్షితము కాదు); ఎంత = ఎన్ని గంటలు; రక్ష = బ్రేకరును, తీగ మందమును, సాకెట్టు బిగువును; ఎంత = ఎన్ని ఆంపియర్లకు తగినవి; ఎరిగి = ఈ నాలుగును తెలిసికొని; పెట్టె = గోడకు బిగించు చార్జింగు సామగ్రిని; కొనినన్ = కొన్నచో; ఇంధనంబు = పెట్రోలు; ఏలయా = ఎందులకయ్యా; ఊరక = కారణము లేక; గోడన్ = గరాజు గోడను; ఊడబెరుక = త్రవ్విపోయుట; ఏల = ఎందులకు.

తాత్పర్యము

దినమున నడచు దూరమును, బండి మ్రింగగల శక్తిని, అది యింట నిలుచు గంటలను, ఇంటి వైరింగు ఓర్పును ముందుగ నెరిగి, పిదపనే పెట్టె మాట తలపెట్టవలెను. ఎరుగకయే గోడను త్రవ్వించుట వ్యర్థము.

విశేషములు

పెట్టెను లోకము చార్జరని వ్యవహరించుచున్నను, వస్తుతః అది ద్వారపాలకుడు మాత్రమే. అమెరికాలో రూఢమైన జె1772 పద్ధతి ననుసరించి, ప్లగ్గులోని యొక సన్నని తీగ ద్వారా, ఇన్ని ఆంపియర్లకు మించి గుంజవలదని బండికి తెలిపి, బండి సిద్ధమని బదులిచ్చిన పిమ్మట తలుపు తీయుటయే దాని పని. లోనికి ఎంత పోవలెనో నిర్ణయించుకొనునది బండియే. 2023 నాటి ప్రయస్ ప్రైమ్ అను ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు నోరు సుమారు 3.5 కిలోవాట్లది. దాని యెదుట 50 ఆంపియర్ల సర్క్యూటుపై 9.6 కిలోవాట్ల పెట్టెను నిలుపుట, ఉగ్గుగిన్నె త్రాగు బిడ్డ ముందు గంగాళముతో పాలు పెట్టుట వంటిది. బిడ్డ త్రాగునది ఉగ్గుగిన్నెడే. కనుకనే కవి పెట్టెను మూడవ పాదమునకు నెట్టి, నోటిని మొదటి పాదముననే ప్రస్తావించెను.

ఇక గణితము. అమెరికా యింటి మామూలు సాకెట్టు 120 వోల్టులది. దానినుండి ఎడతెగక 12 ఆంపియర్లు గైకొన్నచో 1,440 వాట్లు. పై చెప్పిన కారు బ్యాటరీ 13.6 యూనిట్లది, ఈ దారిని నిండుటకు సుమారు 11 గంటలు పట్టును, నిండిన పిమ్మట ఒక రకము బండి 44 మైళ్లు పెట్రోలు ముట్టక నడచునని ప్రభుత్వపు అంచనా. అనగా గంట నిద్రకు నాలుగు మైళ్లు. ఆఫీసునకు పోవ 12, రా 12 మైళ్లు గల గృహస్థునకు ఆరు గంటలు చాలును. రాత్రి 9 మొదలు తెల్లవారి 7 వరకు బండి నిలుచునెడల ఇంకను నాలుగు గంటలు మిగులును. అదే 240 వోల్టులపై అయినచో బ్యాటరీ యంతయు సుమారు నాలుగు గంటలలో నిండును. అమెరికాలో లెవెల్ 2 అని యింత ఆర్భాటముగ వేయించుకొను ఈ రెండవ సౌకర్యములో చిన్నపాటిది, 230 వోల్టుల మన దేశమున, ఎన్నో యిండ్ల స్నానపు గదులలో గీజరు ప్లగ్గు రూపమున నిరాడంబరముగ వెలసియుండుట గమనింపదగినది.

'రక్ష' యను పదమును కవి రెండవ పాదము చివర నుంచుటచే అది ప్రాధాన్యము లేనిదని మందబుద్ధులు భ్రమింతురు. మూడు గంటలు గాని అంతకు మించి గాని సాగు భారమును 125 శాతముగ నెంచవలెనని అమెరికా విద్యుత్ నియమావళి శాసించుచున్నది; కావుననే 15 ఆంపియర్ల బ్రేకరుపై 12, 50 ఆంపియర్ల బ్రేకరుపై 40 మాత్రమే కారునకు దక్కును. ఇస్త్రీపెట్టె కొద్ది నిమిషములు గుంజి విడుచును గనుక సాకెట్టులోని వదులు బయటపడదు. కారు రాత్రి యంతయు విడువక గుంజును గనుక, ఆ వదులైన స్థానమే కాగి, మాడి, కరుగును. అదే సర్క్యూటుపై గరాజులోని ఫ్రీజరు కూడ నుండెనేని బ్రేకరు నడిరాత్రి పడిపోవచ్చును. పడినచో ఉదయమునకు బండియు నిండదు, ఫ్రీజరులోని ములగకాడలును నిలువవు. పొడిగింపు తీగ సంగతి కవి చెప్పలేదు. చెప్పరాని పాపములను పెద్దలు పేరుతో పేర్కొనరు.

పూర్వపక్షము

పెట్రోలు ట్యాంకు గల బండిని గూర్చి 'ఇంధనంబేలయా' యనుట అతిశయోక్తి కాదా యని కొందరు. కాదు. ఏ వాక్యమునకైనను ఉపక్రమమునుబట్టి యర్థము చెప్పవలెనని మీమాంసకుల మతము. కవి 'పగటి దూర' మని ఉపక్రమించినాడు గనుక, ఇంధనము వలదన్నది నిత్యపు రాకపోకలకే గాని హ్యూస్టను యాత్రకు కాదు. అంతియే గాక ట్యాంకు ఉండుటయే ఈ బండి యజమానికి గల అభయము: ఒకనాడు ప్లగ్గు పెట్టుట మరచినను, రాత్రి కరెంటు పోయినను, బ్యాటరీ అడుగంటిన కేవల విద్యుత్ కారు వానివలె ఇంట కూలబడక, కొంత పెట్రోలు కాల్చి ఆఫీసు చేరును. ఇంతటి వెనుదన్ను గలవానికి వేగమునందు అంత తమకము తగదు.

అట్లయిన పెట్టె ఎవ్వరికిని అక్కరలేదా యని మరికొందరు. దానికి సమాధానము 'ఊరక' యను పదముననే యున్నది. కారణము లేక త్రవ్వవలదనినాడే గాని, త్రవ్వనే వలదని కవి యనలేదు. కారణములు మూడు. ఉదయము బడికి, సాయంత్రము సంగీతపు తరగతికి పిల్లలను త్రిప్పుచు నడుమ నాలుగైదు గంటలు ఇంట నిలుచు బండికి పగటి వేళ శీఘ్రముగ నిండుట యుపకరించును. టెక్సాసులో కొన్ని కంపెనీలు రాత్రి కొన్ని గంటల కరెంటును ఉచితముగ నిచ్చు పథకములు అమ్ముచున్నవి. అట్టి పథకమునందున్నవాడు ఆ గంటలలోనే బండిని నింపుకొనుట లాభము. ఇక కొద్ది యేండ్లలో పూర్తి విద్యుత్ కారు కొనదలచినవాడు, మీటరు పెట్టె భారమును లెక్క కట్టించి, మందమైన తీగను ఇప్పుడే వేయించుకొనుట వివేకము. పెట్టెను ఎప్పుడైనను మార్చుకొనవచ్చును, గోడను మాత్రము రెండుమార్లు త్రవ్వింపరాదు.

సిద్ధాంతము

కావున కర్తవ్యక్రమ మిది: మొదట పాత సాకెట్టును పరీక్షింపజేసి, వదులైనచో దృఢమైన క్రొత్తదానిని వేయింపవలెను, పిదప ఒక మాసము కారుతో వచ్చిన తీగతోనే నడపవలెను, ఉదయమున బ్యాటరీ మరల మరల నిండక కనిపించినను, లేక పై మూడు కారణములలో నొకటి తనకు కలదని తేలినను, అప్పుడు బండి నోటికి తగిన పెట్టెను బిగింపవలెను.

ఫలశ్రుతి

ఈ పద్యమును టీకాసహితముగ పఠించి పెట్టె కొననివానికి ధనమును, కొన్నవానికి భార్య యడిగినప్పుడు చెప్పుటకు కారణమును మిగులును.